సినిమా చూపించే ఆటపెట్టె

ఆటల కోసం తయారైన యంత్రాన్ని సినిమా ప్లేయరుగా తూచేటప్పుడు సమీక్షకుల దృష్టి ముందుగా తెర మీది బొమ్మ మీదికే పోతుంది. కానీ బ్లూ-రే డిస్కులో చిత్రమంతా అంకెల రూపంలో ఉంటుంది కనుక, ఆ అంకెలను తప్పు లేకుండా చదివి టీవీకి అందించే ఏ రెండు యంత్రాల మధ్యనైనా బొమ్మలో తేడా బహు స్వల్పం. అసలు తేడా డిస్కు పెట్టాక పట్టే సమయంలోనూ, ఫ్యాను చప్పుడులోనూ, చీకట్లో వేళ్ళకు తగిలే మీటల్లోనూ ఉంటుంది.

ఇందుకు సోనీ ప్లేస్టేషన్ 3 మంచి నిదర్శనం. 2006 నవంబరులో అది అమెరికాలో 499, 599 డాలర్ల ధరలతో వచ్చినప్పుడు ఆటలాడేవారు పెదవి విరిచారు. అయితే అదే ఏడాది జూన్‌లో అక్కడ విడుదలైన శామ్‌సంగ్ బ్లూ-రే ప్లేయరు ధర 999 డాలర్లు కావడం వల్ల, సినిమాల కోసం కొనేవారికి ఆ ఆటపెట్టె చవక బేరమైంది. పైగా బ్లూ-రే మెనూలు చాలావరకు జావా అనే కంప్యూటరు భాషలో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు కావడంతో, బలహీనమైన ప్రాసెసరు గల తొలి ప్లేయర్లు వాటిని తెరవడానికి ఆపసోపాలు పడుతుండగా, భారీ ఆటల కోసం రూపొందిన సెల్ ప్రాసెసరు ఆ పనిని సునాయాసంగా చేసేది.

అంతకంటే ముఖ్యమైనది, కొన్న తరువాత కూడా ఆ యంత్రం మెరుగుపడుతూ పోవడం. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, అంటే 24 నిశ్చల చిత్రాలుగా తీస్తారు. సెకనుకు 60 సార్లు తెరను మార్చే టీవీలో అవి ఇమడాలంటే ఒక ఫ్రేమును రెండుసార్లు, దాని పక్క ఫ్రేమును మూడుసార్లు చూపవలసి వస్తుంది. ఈ హెచ్చుతగ్గు వల్ల కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యంలో కొండల వరుసో, భవనాల వరుసో జారిపోకుండా చిన్నగా కుదుపులు పడుతుంది. 2007 మేలో వచ్చిన 1.80 సాఫ్ట్‌వేర్‌తో ప్లేస్టేషన్ 3, అందుకు తగిన టీవీ ఉన్నవారికి, ఫ్రేములను ఉన్నవి ఉన్నట్టుగా 24 చొప్పునే పంపడం మొదలుపెట్టింది. పాత డీవీడీల బొమ్మను పెద్ద తెరకు సరిపడా పెంచి చూపడం కూడా దానితోనే వచ్చింది. 2008 ఏప్రిల్‌లో డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో, అంటే స్టూడియోలో సిద్ధమైన శబ్దాన్ని నష్టం లేకుండా కుదించి డిస్కులో ఉంచే పద్ధతి, దానికి పట్టుబడింది. కొన్ననాడు లేని గుణాలు ఏడాది తిరిగాక సమకూరే వస్తువును మొదటి వారంలోనే తీర్పు చెప్పి పక్కన పెట్టడం సమీక్షకు తగిన పని కాదు.

లోపాలు మాత్రం సినిమా చూసేవారికి మాత్రమే తెలిసే రకానివి. ఇన్‌ఫ్రారెడ్ కన్ను, అంటే మామూలు రిమోట్ పంపే కంటికి కనబడని కాంతిని అందుకునే భాగం, అందులో లేదు. అందువల్ల ఇంట్లోని మామూలు రిమోట్లు దానికి నేరుగా పనికిరావు, బ్లూటూత్ రిమోట్‌ను విడిగా కొనాలి. కొననివారు ఆటల కంట్రోలరుతోనే నెట్టుకురావాలి. దానిని బల్ల మీద మామూలుగా పెడితే అడుగుకు పొడుచుకొచ్చిన మీట నొక్కుకుపోయి, కథ మంచి పట్టులో ఉండగా చిత్రం ముందుకు పరుగు తీస్తుంది. సంభాషణ ఆగిన దృశ్యంలో తొలి మోడళ్ళ ఫ్యాను హోరు వినిపిస్తుంది. ఆటలో తుపాకుల మోతకు అణిగిపోయే ఆ హోరు సినిమాలోని మౌనానికి అణగదు.

2009లో వచ్చిన పల్చని మోడలు తక్కువ విద్యుత్తు వాడుతుంది, నష్టం లేని శబ్దాన్ని విప్పకుండానే ఆంప్లిఫయరుకు పంపగలదు కనుక, సినిమాలకోసం పాత యంత్రం వెతికేవారు దానినే ఎంచుకోవడం మేలు. మరొక్క సంగతి: బ్లూ-రే ప్రాంతీయ విభజనలో అమెరికా ఎ విభాగంలోనూ, భారతదేశం సి విభాగంలోనూ ఉన్నాయి కాబట్టి, అక్కడ కొన్న యంత్రం కోసం ఇక్కడి నుంచి డిస్కులు తీసుకెళ్ళే తెలుగువారు అట్ట వెనుక చిన్న గుర్తులో ఉండే అక్షరాన్ని ముందుగా చూసుకోవాలి.