ఇటు మాట, అటు మోత

ఆష్‌బర్న్‌లో మా చెల్లెలు వాళ్ళ ఇంటి వెనక చిన్న చెరువు, చెరువు దాటితే చెట్ల వరస, ఆ వరస వెనక కిటికీల్లేని బూడిదరంగు గోడ. సాయంత్రం నడకకు వెళ్తే ఆ గోడ వైపు నుంచి మోత. రైసు మిల్లు మోతైతే మధ్యాహ్నం అన్నం వేళకు ఆగేది. ఇది ఆగదు. “రాత్రంతా ఇంతేనా బావా?” అన్నాను. “అలవాటైపోయింది బావా. ఇంటి పన్ను రేటు తగ్గిందిగా” అన్నాడు.

మర్నాడు చుట్టూ తిరిగి, పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన మీద నది దాటి పూల్స్‌విల్ వైపు వెళ్ళాం. రోడ్డుకు రెండు పక్కలా మొక్కజొన్న, సోయా. ఒకచోట బల్ల మీద టమాటాలూ గుమ్మడికాయలూ పెట్టి, పక్కన డబ్బులు వెయ్యడానికి రేకు డబ్బా ఉంచారు. అమ్మే మనిషి లేడు. మోతా లేదు.

మొదటిది వర్జీనియాలోని లౌడన్ కౌంటీ, రెండోది మేరీలాండ్‌లోని మాంట్‌గామరీ కౌంటీ. మధ్యలో పొటోమాక్ నది. రెండూ వాషింగ్టన్ శివార్లే, రెండింటిదీ ఒకటే గొడవ: రాజధానిలో ఉద్యోగాలు పెరిగే కొద్దీ పొలాలు ప్లాట్లవుతాయి. కౌంటీ అంటే మన జిల్లా అనుకుంటే పొరపాటు. కలెక్టరు ఉండడు. ఎన్నికైన బోర్డో కౌన్సిలో ఉంటుంది. పన్ను వెయ్యడం దగ్గర్నుంచి ఏ నేల మీద ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ దాకా దానిదే. ప్రజలతో కూర్చునే ప్లాన్ రాశామని రెండు కౌంటీలూ చెప్పుకుంటాయి. మీటింగుల లెక్క చూస్తే ఎవరు మెరుగో తేలదు. ప్లాన్ వల్ల నష్టపోయేవాడి చేతిలో ఏం పెట్టారో చూస్తే తేలుతుంది.

మాంట్‌గామరీ 1964లో ‘ఆన్ వెడ్జెస్ అండ్ కారిడార్స్’ అని ఒక ప్లాన్ రాసుకుంది. అరచెయ్యి చాపి చూసుకోండి: వేళ్ళ వెంబడి రైళ్ళు, రోడ్లు, ఊళ్ళు, వేళ్ళ సందుల్లో పొలాలు. బొమ్మ ముచ్చటగా ఉంది. కానీ పక్క పొలం కోట్లకు అమ్ముడుపోతుంటే సందులో ఉన్న రైతు చేతులు కట్టుకు కూచోడు గదా. 1970ల్లో ఐదెకరాలకొక ఇల్లు అని నిబంధన పెట్టి చూశారు. పొలాలు ఆగలేదు సరికదా, ఐదెకరాల బంగళాలు పుట్టుకొచ్చాయి. ఐదెకరాలంటే అక్కడి సాగుకు చాలదు, పెరటికి ఎక్కువ.

1980లో రాయిస్ హాన్సన్ ప్లానింగ్ బోర్డు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వచ్చిన ప్లాన్ అసలు కథ. కౌంటీలో దాదాపు మూడో వంతు, 93 వేల ఎకరాలు, వ్యవసాయ రిజర్వ్ అన్నారు. ఇకనుంచి అక్కడ 25 ఎకరాలకు ఒకటే ఇల్లు. వందెకరాల ఆసామికి నిన్నటిదాకా ఇరవై ఇళ్ళ విలువ, ఇవాళ నాలుగు. ఇంతటితో ఆపి ఉంటే ఆ ప్లాన్ మరుసటి ఎన్నికల దాకా కూడా బతికేది కాదు. అక్కడే ఒక కిటుకు వేశారు. పోయిన హక్కును కాగితం చేసి రైతు చేతికిచ్చారు. ప్రతి ఐదెకరాలకూ ఒక టీడీఆర్, అంటే బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు. వందెకరాలకు ఇరవై కాగితాలు. సొంతానికి ఒక ఇల్లు కట్టుకుంటే ఒక కాగితం చెల్లు. మిగిలినవి బిల్డరుకు అమ్ముకోవచ్చు. బిల్డరు వాటిని పట్టుకుపోయి వేళ్ళ వెంబడి ఉన్న ఊళ్ళలో మామూలు కంటే ఎక్కువ ఇళ్ళు కట్టుకుంటాడు. కాగితం అమ్మిన పొలం మీద ఇళ్ళు రాకుండా దస్తావేజులోనే బంధం పడుతుంది, భూమి చేతులు మారినా అది పోదు. రైతుకిచ్చే డబ్బు కౌంటీ ఖజానాలోంచి రాదు, బిల్డరు జేబులోంచి వస్తుంది. ఇలా 50 వేల ఎకరాలకు పైగా బంధంలోకి వచ్చాయి.

నాకు ఇందులో నచ్చింది పొలాల మీద ప్రేమ కాదు, పత్రాల మీద శ్రద్ధ. రేపు ఇంకో కౌన్సిల్ వచ్చి మనసు మార్చుకున్నా, దస్తావేజుల్లో రాసుకున్న మాటను ఓటింగు పెట్టి కొట్టెయ్యలేదు.

అలాగని మాంట్‌గామరీ అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడిందనుకోకండి. కాగితాలు వచ్చి వాలే పేటల వాళ్ళను ఎవరూ సరిగ్గా అడగలేదు. “పొలాలు అక్కడ కాపాడితే ఇళ్ళు మా వీధిలో ఎందుకు పెరగాలి?” అని వాళ్ళు కోర్టుకెళ్ళారు. 1987లో మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం వాళ్ళ వైపే మొగ్గింది. ఎక్కడ ఎన్ని ఇళ్ళు పెరగొచ్చో జోనింగ్ చట్టంలో రాయాలి, ప్లాన్ పుస్తకంలో రాసుకుంటే చెల్లదంది. కౌంటీ చట్టం సవరించుకుని ముందుకు పోయింది. ఆ అపనమ్మకం మాత్రం పోలేదు. థ్రైవ్ మాంట్‌గామరీ 2050 అనే కొత్త ప్లాన్ 2022 అక్టోబర్‌లో ఆమోదం పొందింది. అదే నెలలో, ఆమోదానికి కొద్ది రోజుల ముందు, ప్లానింగ్ బోర్డు సభ్యులు ఐదుగురూ వరస వివాదాల మధ్య మూకుమ్మడిగా రాజీనామా చేశారు. రాయించిన పెద్దలు వెళ్ళిపోయాక పుస్తకానికి ఆమోదం దొరికింది. ఇళ్ళ ధరలు మండిపోతున్న కౌంటీలో ఏ వీధిలో డూప్లెక్సులు రావాలన్న తగువు ఆ తర్వాత కూడా నడిచింది.

ఇక నది అవతల. లౌడన్‌ను ఊరికే తప్పు పట్టడం తేలిక, న్యాయం కాదు. వర్జీనియాలో డిల్లన్ రూల్ నడుస్తుంది: రాష్ట్రం ఇచ్చిన అధికారమే కౌంటీకి ఉంటుంది, అంతకు మించి వేలెత్తడానికి లేదు. టీడీఆర్ పెట్టుకోవడానికి కౌంటీలకు రాష్ట్ర చట్టం దారి ఇచ్చింది 2006లోనే, అంటే మాంట్‌గామరీ మొదలుపెట్టాక పాతికేళ్ళకు. ఈలోపు 1970లో 37 వేలున్న లౌడన్ జనాభా 2000 నాటికి దాదాపు 1.7 లక్షలకు చేరింది.

2003లో లౌడన్ బోర్డు ధైర్యం చేసింది. కౌంటీలో మూడింట రెండొంతులుండే పడమటి పల్లెల్లో ఇళ్ళ సంఖ్యను గట్టిగా తగ్గించింది. 2005లో వర్జీనియా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎందుకనుకున్నారు? ప్లాన్ తప్పని కాదు, భూమి హక్కులు హరించారని కాదు. పత్రికలో వేసిన ప్రకటన సరిగ్గా లేదని! ఏం మారుతోందో, ఎక్కడ మారుతోందో ఆ ప్రకటన చదివిన మామూలు మనిషికి తెలియదంది కోర్టు. మన పేపర్లలో మూలన చీమల బారులా పడే ‘ఇందుమూలముగా తెలియజేయునదేమనగా’ ప్రకటనలు తల్చుకున్నాను. ఒక్కదాన్నైనా ఎవరైనా చదివిన పాపాన పోయారా? అక్కడ ఒక కౌంటీ ప్లాన్ మొత్తం ఆ నాలుగు వాక్యాల మీద కూలింది. మరుసటి ఏడు బోర్డు రాజీకొచ్చి ఒక చోట 20 ఎకరాలకు, ఇంకో చోట 40 ఎకరాలకు ఒక ఇల్లని తేల్చింది. గుంపుగా కట్టుకుంటే ఇంకా ఎక్కువ కట్టుకోవచ్చన్న వెసులుబాటు కూడా ఇచ్చింది.

ఆ దెబ్బ తిన్న కౌంటీ 2016 నుంచి ‘ఎన్విజన్ లౌడన్’ పేరుతో జనం మాట వినడానికి బయల్దేరింది. రెండు డజన్లకు పైగా సభ్యులతో కమిటీ, ఊరూరా సమావేశాలు, ప్రశ్నపత్రాలు. దాదాపు మూడేళ్ళు. 2019 జూన్ 20న కొత్త ప్లాన్ ఆమోదించారు. వినడంలో మాంట్‌గామరీ 1980 ప్లాన్ దీని కాలిగోటికి చాలదు. పుస్తకం కూడా చక్కగా ఉంటుంది, చదవబుద్ధేస్తుంది. కానీ ఆ సభల్లో ఇళ్ళ గురించి, ట్రాఫిక్ గురించి, మెట్రో స్టేషన్ల గురించి మాట్లాడుతున్నప్పుడు అసలు పెరుగుతున్నది వేరే. తూర్పు లౌడన్‌లో చాలా జోన్లలో డేటా సెంటర్‌కు అప్పటికే బై-రైట్ అనుమతి ఉంది. నిబంధనలకు సరిపోతే చాలు, బహిరంగ విచారణ ఉండదు, బోర్డు ఓటింగూ ఉండదు. పిలిచి అడిగినవి చిన్న ప్రశ్నలు, పెద్ద ప్రశ్నకు జవాబు ముందే రాసేసి ఉంది.

ఇప్పుడక్కడ దాదాపు 200 డేటా సెంటర్లు. వాటికయ్యే సేవల ఖర్చు ఒక డాలరైతే పన్నుగా 26 డాలర్లు వస్తున్నాయని కౌంటీ గొప్పగా చెప్పుకుంటుంది. ఇంటి విలువ 100 డాలర్లకు 2013లో 1.205 డాలర్లున్న పన్ను రేటు 2025 నాటికి 0.805కి దిగింది. మా బావ లెక్క అదే, తప్పనను. బళ్ళూ లైబ్రరీలూ ఆ డబ్బుతోనే బాగున్నాయి, వాటి కోసమే తెలుగు కుటుంబాలు అక్కడికి చేరుతున్నాయి. 2025 మార్చిలో బోర్డు బై-రైట్ పద్ధతిని తీసేసింది. ఇక ఏ కొత్త డేటా సెంటరైనా విచారణ దాటి రావాల్సిందే. మోత మొదలయ్యాక అడగడం మొదలైంది.

పైగా ఆ గోడల లోపలికి కరెంటు ఎక్కడినుంచో రావాలి. మేరీలాండ్‌లో బాల్టిమోర్, క్యారల్, ఫ్రెడరిక్ కౌంటీల పొలాల మీదుగా 67 మైళ్ళ హైటెన్షన్ లైను వెయ్యాలన్న ప్రతిపాదన మీద 2024 నుంచి రైతులు ఊగిపోతున్నారు. ఆ కరెంటు గిరాకీలో పెద్ద వాటా ఉత్తర వర్జీనియా డేటా సెంటర్లది. లౌడన్ ప్లాన్ పుస్తకంలో ఆ రైతుకు పేజీ లేదు. అతను ఆ కౌంటీ ఓటరు కాదు మరి.

రెండు కౌంటీలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవు అనుకుంటున్నారా? 1957 నుంచీ వాషింగ్టన్ ప్రాంత ప్రభుత్వాలన్నిటికీ ఒక ఉమ్మడి మండలి ఉంది. గాలి కాలుష్యం, రవాణా లెక్కలు అక్కడ బాగానే చూస్తారు. ఏ నేల మీద ఏం కట్టాలో చెప్పే అధికారం మాత్రం దానికి లేదు. ఆ బల్ల బలమెంతో తెలియాలంటే వైట్స్ ఫెర్రీ చూడండి. తీగ పట్టుకుని నది దాటే పడవ. రోజుకు వందల కార్లను మాంట్‌గామరీ ఒడ్డు నుంచి లీస్‌బర్గ్ దగ్గరి లౌడన్ ఒడ్డుకు చేర్చేది. వర్జీనియా ఒడ్డున పడవ ఆగే నేల ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కి, 2020 డిసెంబర్ 28న పడవ ఆగిపోయింది. రెండు కౌంటీలూ కలిసి అధ్యయనం చేయించాయి, రిపోర్టు వచ్చింది, మేం వెళ్ళిననాటికి పడవ ఒడ్డునే ఉంది. పొద్దున మేం అంత చుట్టు తిరిగింది అందుకే.

ఈ రెంటిలో నా ఓటు మాంట్‌గామరీకే. అయితే పొలాలు పచ్చగా ఉన్నందుకు కాదు, నష్టపోయినవాడికి రసీదు ఇచ్చినందుకు. మనకు టీడీఆర్ కొత్త మాట కాదు. హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకు ఇచ్చే కాగితం పేరు అదే. అక్కడి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996లో చుట్టూ కట్టడాలకు పగ్గం వేసే జీవో 111 తెచ్చాం. 84 గ్రామాలు, 1.32 లక్షల ఎకరాలు, అంటే మాంట్‌గామరీ రిజర్వ్ కంటే పెద్దది. పాతికేళ్ళు ఆ ఊళ్ళ వాళ్ళు ఎత్తెయ్యమనే అడిగారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు జీవో 69 ఇచ్చారు. ఆ చెరువుల నీళ్ళు తాగిన నగరం ఆ రైతులది స్వార్థమని తిట్టుకుంది. జీవో 111లో కట్టకూడనివన్నీ వివరంగా రాశారు. కట్టుకోలేకపోయిన రైతుకు ఏమిస్తారో ఒక్క వాక్యం కూడా లేదు.