సింగారవేలు కలము: ఒక పరిశీలన

చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు పెరంబూరు మిల్లుల పేరు క్రొత్తది కాదు. బకింగుహాము, కర్ణాటకు మిల్లులలో తమిళులతోపాటు తెలుగువారును చెమటోడ్చిరి. 1918 ఏప్రిల్ 27న మద్రాసు కార్మిక సంఘము వెలసిన నాటి ముచ్చట మన పెద్దలకు పరిచితమే. కాని ఆ శ్రమజీవుల పక్షమున కలము పట్టిన మలయపురము సింగారవేలు చెట్టియారు రచనలను గూర్చి మనము తలంచుట అరుదు.

ఆయన 1860 ఫిబ్రవరి 18న చెన్నపట్టణమున బెస్తకుటుంబమున జన్మించెను. న్యాయవాదియై ధనము గడించెను. బౌద్ధమునందు అభిరుచి గలిగి, గ్రంథములను విశేషముగా సేకరించెను. 1921లో సహాయనిరాకరణోద్యమమునకు స్పందించి న్యాయవాద వృత్తిని త్యజించెను. అరువదియేండ్లు దాటిన పిమ్మట ఇట్టి మార్పు సామాన్యము కాదు.

ఆ సంవత్సరముననే గాంధీమహాత్మునకు వ్రాసిన బహిరంగ లేఖలో ఆయన రచనాస్వభావము వెల్లడియగుచున్నది. భూమియు, ముఖ్య పరిశ్రమలును అందరి సొత్తు కానిదే స్వరాజ్యము పేదలకు అక్కరకు రాదని ఆయన వాదము. అయినను అహింసను ఆయన త్రోసిపుచ్చలేదు. ఆ సాధనమునే ధనికుల నిరంకుశత్వముపై ప్రయోగింపవలెననెను. మార్క్సు లక్ష్యమును గాంధీ మార్గముతో ముడిపెట్టిన ఈ యత్నమున తర్కము పూర్తిగా అతుకకపోవచ్చును; నిజాయితీ మాత్రము శంకింపరానిది.

1923 మే 1న చెన్నపట్టణపు సముద్రతీరమున మే దినోత్సవమును జరిపించి, హిందూస్థాన్ లేబర్ కిసాన్ పార్టీని ఆయన ప్రకటించెను. ఆ యేటనే ఇంగ్లీషున ‘లేబర్ కిసాన్ గెజెట్’, తమిళమున ‘తొళిలాళన్’ వెలువడెను. గెజెట్ పేరులోనే ఒక సిద్ధాంతమున్నది. 1921 మిల్లు సమ్మె కాలమున పులియాంతోపులో కూలివారే కులభేదముచే ఒకరిపైనొకరు పడిరి. కొలదియేండ్లకే కార్మికుని, కర్షకుని ఒక్క పేరున జతపరచిన పత్రిక వచ్చుట గమనింపదగినది.

లోపమును దాచుట విమర్శ కాదు. గెజెట్ ఇంగ్లీషున వెలువడుటచే, అది ఎవరి కొరకో వారే దానిని చదువలేకపోయిరి. తమిళ పత్రిక ఆ కొరతను కొంత తీర్చెను. అదియు అక్షరము నేర్చినవారికే. ఇంట తెలుగు మాటాడు కూలివానికి ఆ భావములు సభలలో చెవిసోకినంతవరకే. మరియు ఆయన వాక్యమున న్యాయవాది వినిపించినంతగా కూలివాని గొంతు వినిపింపదు.

ఈ లోపమును ఆయన జీవితము పూరించినది. 1925 డిసెంబరులో కాన్పూరున జరిగిన ప్రథమ కమ్యూనిస్టు మహాసభకు అధ్యక్షత వహించెను. 1928లో దక్షిణ భారత రైల్వే సమ్మె సాగినపుడు అరువదియెనిమిదేండ్ల వయస్సున చెరసాల కేగెను. పదేండ్ల శిక్ష అప్పీలులో తగ్గింపబడగా 1930లో విడుదలయ్యెను. వ్రాసినదానికి మూల్యము చెల్లించిన రచయిత మాటకు బరువు వేరు.

తరువాత ‘కుడి అరసు’లో ఆయన వ్రాసిన వ్యాసములే నా దృష్టిలో శ్రేష్ఠములు. విజ్ఞానశాస్త్రమును, భౌతికవాదమును తమిళ పాఠకునకు బోధించుటలో అచట న్యాయవాది తగ్గి ఉపాధ్యాయుడు మేల్కొనెను. పెరియారుతో సన్నిహితుడై సమధర్మ ప్రణాళికకు తోడ్పడియు, పెరియారు జస్టిస్ పార్టీ వైపు మొగ్గినపుడు విభేదించుటకు ఆయన వెనుదీయలేదు. 1946 ఫిబ్రవరి 11న మరణించువరకు ఆ నిష్ఠ సడలలేదు.

చెన్నై కలెక్టరు కార్యాలయ భవనమునకు నేడు ఆయన పేరున్నది. పనిమీద అచటికేగు తెలుగువారు ఆ పేరును చదివి ముందునకు సాగుచున్నారు. మన తాతల కూలిరొట్టె కొరకు పరభాషలో పోరాడిన కలమది. ఆకలికి మాతృభాష లేదు, కృతజ్ఞతకును ఉండనక్కరలేదు.