పాత వైర్‌లెస్ సెట్టు కొనేముందు స్టిక్కరు చదవండి

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇంటి కప్పులెక్కారు, చెట్లెక్కారు. కాపాడటానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకర వరదకు కొట్టుకుపోయి కాజీపేట-విజయవాడ మార్గం ఆగిపోయింది. ఇలాంటి రోజున కరెంటు పోతే సెల్ టవర్ బ్యాటరీ కొన్ని గంటలే నిలబడుతుంది. ఆ తర్వాత ఊరి నుంచి ఊరికి మాట చేరాలంటే బ్యాటరీ మీద నడిచే వైర్‌లెస్ సెట్టు ఉండాలి, దాన్ని వాడటం తెలిసిన లైసెన్సుదారు ఉండాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో హామ్ రేడియో, అంటే అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియో, గట్టిగా వేళ్లూనుకోవాలని నేను కోరుకునేది ఇందుకే.

తెలుగునేలకు ఈ విద్య కొత్త కాదు. హైదరాబాద్‌లో 1983లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండగానే సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో ద్వీపాల కబురును దేశానికి చేర్చినవాళ్లలో వాళ్లు ముందున్నారు. సముద్రాలు దాటడానికి హెచ్‌ఎఫ్ సెట్లు కావాలి. మండలానికీ మండలానికీ మధ్య మాటకైతే వీహెచ్‌ఎఫ్ చాలు. చిక్కల్లా కొత్త సెట్టు ధరతోనే. కాలేజీ కుర్రాడికీ, చిరుద్యోగికీ అది అందదు. వాళ్లకు ఆసరా సెకండ్‌హ్యాండ్ కమర్షియల్ సెట్లు. కంపెనీలు, సెక్యూరిటీ ఏజెన్సీలు వాడి పక్కన పెట్టినవి.

ఈ సెట్లు రోజంతా వానలో, దుమ్ములో, ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో నలగడానికి తయారైనవి. పక్కనే మరో ట్రాన్స్‌మిటర్ హోరెత్తుతున్నా తనకు కావలసిన సిగ్నల్‌ను విడదీసి వినగలిగే ఫిల్టర్లు వీటి రిసీవర్లో ఉంటాయి. చవకరకం కొత్త వాకీటాకీలు టవర్ల నీడలోకి వెళ్లగానే చెవిటివైపోతాయి. పాతదైనా మంచి కమర్షియల్ సెట్టు అక్కడా వింటుంది. నా దృష్టిలో దీని అసలు విలువ అదే.

అయితే చవగ్గా దొరికిందని తొందరపడితే అది బల్ల మీద బరువుగానే మిగులుతుంది. మన దేశంలో హామ్‌లకు 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికాలో 148 దాకా ఉంది. అందుకే అక్కడివాళ్ల సలహా చదివి ఇక్కడ కొంటే కష్టం. మోటరోలా జీఎం300 సంగతి చూడండి. బండిలో బిగించే సెట్లలో గట్టిపిండం. వెనకవైపు 16 పిన్నుల కనెక్టర్ ఉండటంతో రిపీటర్లు, అంటే సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే కేంద్రాలు, కట్టేవాళ్లకు ప్రాణం. కానీ అది ముక్కలు ముక్కలు బ్యాండ్లుగా వచ్చింది. వీహెచ్‌ఎఫ్‌లో 136-162 రకం మనకు సరిగ్గా సరిపోతుంది, 146-174 రకం మన బ్యాండ్ ముగిసే చోట మొదలవుతుంది. యూహెచ్‌ఎఫ్‌లో ఇంకా విచిత్రం. మనకిచ్చింది 434-438. ఆ సెట్టు ఒక రకం 433 దగ్గర ఆగితే, తర్వాతిది 438 దగ్గర మొదలవుతుంది. మన బ్యాండ్ ఆ రెంటి మధ్య సందులో పడింది. సాఫ్ట్‌వేర్‌ను ఏమార్చి హద్దు దాటించేవాళ్లున్నారు. కొత్తవాళ్లు ఆ జోలికి పోకపోవడమే మంచిది.

కాబట్టి ముందు చూడాల్సింది సెట్టు మీది స్టిక్కరు. జీపీ328, జీపీ338, జీఎం338 తరం మోటరోలా సెట్ల మోడల్ నంబర్లో 25 అనే సంఖ్య కనిపిస్తుంది. దాని పక్కనే 'కె' అక్షరం ఉంటే 136-174, అంటే మనకు పనికొచ్చే వీహెచ్‌ఎఫ్. 'ఆర్' ఉంటే 403-470, 434-438 అందులో హాయిగా ఇమిడిపోతుంది. 'ఎస్' ఉంటే 450 పైమాట, వదిలేయండి. స్టిక్కరు చిరిగిపోయిన సెట్టును నేనైతే ముట్టుకోను. కెన్‌వుడ్, ఐకామ్ సెట్లకూ ఇదే నియమం: బ్యాండ్ తేలాకే బేరం. ట్రంకింగ్‌కే పరిమితమైన 800 మెగాహెర్ట్జ్ సెట్లు ఉచితంగా ఇచ్చినా మనకు దండగ.

రెండోది ప్రోగ్రామింగ్. ఈ సెట్లలో డయల్ తిప్పి ఫ్రీక్వెన్సీ మార్చుకోవడం సాధారణంగా ఉండదు. కంప్యూటరుకు కేబుల్‌తో కలిపి ఛానళ్లు ఎక్కించాలి. జీఎం300 సాఫ్ట్‌వేర్ డాస్ కాలం నాటిది, వేగమైన కొత్త కంప్యూటర్లలో మొరాయిస్తుంది. అందుకే సీరియల్ పోర్టున్న ముసలి ల్యాప్‌టాప్‌ను పారేయకుండా దాచుకునే హామ్‌లున్నారు. జీపీ328 తరం విండోస్‌లోనే పనిచేస్తుంది. పాస్‌వర్డ్‌తో తాళం వేసిన సెట్టు కాదని, కంప్యూటర్ దాన్ని చదువుతోందని అమ్మేవాడి ఎదుటే తేల్చుకోవాలి. 16 ఛానళ్లు చాలవేమోనని బెంగపడొద్దు. సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడే సింప్లెక్స్ ఛానళ్లు రెండు మూడు, దగ్గర్లోని రిపీటర్లు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మాటలు వినడానికి 145.800. ఇంకా ఖాళీ మిగులుతుంది.

ఇక పరీక్ష. యాంటెనా సాకెట్‌కు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్, మధ్యలో పవర్ మీటర్ పెట్టి మాట్లాడే మీట (పీటీటీ) నొక్కండి. అరనిమిషం పట్టి ఉంచితే 25 వాట్ల సెట్టుకు మీటర్ ముల్లు నిలకడగా ఉండాలి. మెల్లగా దిగజారుతుంటే ఫైనల్ ట్రాన్సిస్టర్ అలసిపోయినట్టే. ఛానల్ వెడల్పును 12.5 కిలోహెర్ట్జ్‌కే కట్టేసిన సెట్టయితే 25 కిలోహెర్ట్జ్‌లో మాట్లాడే మిత్రులకు మీ గొంతు పీలగా వినిపిస్తుంది. రెండూ ఉన్నదే తీసుకోండి. చేతిసెట్టయితే బ్యాటరీ ధర కూడా లెక్కలో కలపండి. బండి సెట్టు 12 వోల్ట్‌ల ట్రాక్టర్ బ్యాటరీ మీద నడుస్తుంది. లారీల్లో తరచూ ఉండే 24కు నేరుగా కలిపితే మాత్రం కాలిపోతుంది.

పాత యజమాని ఛానళ్లన్నీ ఇంటికి రాగానే చెరిపేయాలి. అవి పోలీసులవైనా, రైల్వేవైనా, గనులవైనా మనవి కావు. అసలు సెట్టు కొనడం కంటే ముందు లైసెన్సు ఉండాలి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష రాయవచ్చు, దానికి మోర్స్ కోడ్ అక్కర్లేదు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ లైసెన్సు వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ వేదికలకు నోటీసులిచ్చిందని గుర్తుంచుకోండి.

మొదటి సెట్టుగా ఏది కొనాలని అడిగితే నా జవాబు ఒకటే: 136-174 అనలాగ్ బండి సెట్టు, 25 వాట్లు, మైకూ పవర్ వైరూ దాంతోపాటే. మిగిలిన డబ్బు ఎత్తయిన యాంటెనాకు పెట్టండి. వీహెచ్‌ఎఫ్‌లో వాట్ల కంటే ఎత్తే ఎక్కువ దూరం తీసుకెళుతుంది.