ఎండలో పండిన మాల్ట్

జంషెడ్‌పూర్ కర్మాగారం నుంచి ఉక్కు పలక బయటికొస్తే దానికో హీట్ నంబరు ఉంటుంది, గ్రేడు ఉంటుంది. కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత అని రాసిన కాగితం చూడందే కొనేవాడు సరుకు ముట్టుకోడు. 1912లో తొలి ఉక్కు తీసిన నాటి నుంచి ఈ ఊరి బతుకు ఆ లెక్క మీదే నడుస్తోంది. కద్మా, సోనారి, బిస్టుపూర్‌లలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అది ఇంట్లో మాటే. అలాంటి ఊళ్లో సాయంత్రం నలుగురు కూచున్నప్పుడు విస్కీ సీసా బల్ల మీదికి వచ్చేసరికి ఆ పట్టింపు కనబడదు. డబ్బా మీద 12 ఏళ్లు అని ఉందా, అమెరికా నుంచి వచ్చే బావగారు తెచ్చారా, ఎంత పెట్టి కొన్నారు అన్నంతలో సిఫారసు అయిపోతుంది. దేనితో చేశారు, ఏ పీపాలో పండింది, ఎంత బలంతో సీసాలోకి దిగింది అని అడిగేవారు తక్కువ. అవి అడగడం మొదలుపెడితే మన దేశపు సింగిల్ మాల్ట్ స్కాట్లండ్ సరుకు పక్కన తలెత్తుకుని నిలబడుతుంది. దాన్ని ఇంకా తమ్ముడి వరసలో కూచోబెట్టడం మన అవగాహన లోపమే.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితోనే, రాగి బట్టీల్లో విడతలు విడతలుగా కాచినది. బార్లీని నానబెట్టి, మొలకలు రాగానే ఆరబెడతారు. ఆ ఆరబెట్టే మంటలో పీట్ అనే బురదనేల మట్టిగడ్డలు వేస్తే పొగ వాసన గింజకు పడుతుంది. తర్వాత పిండి చేసి వేడినీళ్లలో కలిపి తీపి రసం తీస్తారు, ఈస్టుతో పులియబెడతారు, రెండుసార్లు కాస్తారు. ఇంతవరకూ పుస్తకం చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. అసలు పనితనం రెండో కాపులో ఉంది. మొదట వచ్చే ధార ఘాటుగా ముక్కు మండిస్తుంది, చివర వచ్చేది తడిసిన గోనెసంచి వాసన కొడుతుంది. నడిమి ధార ఒక్కటే పీపాకు పనికొస్తుంది. అది ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆపాలి అన్నది మాస్టర్ డిస్టిలర్ ముక్కుకు తెలియాలి. కొద్ది నిమిషాలు ఆశపడితే ఏళ్ల తరబడి పీపాలో ఉంచినా ఆ తప్పు పోదు. గోవాలో పాల్ జాన్ సింగిల్ మాల్ట్ తయారీ చూసే మైకేల్ డిసౌజా పని చూడండి. పొగ లేని బ్రిలియన్స్‌లో బార్లీ తియ్యదనం తేనెలా విడిగా తెలుస్తుంది, పొగ పట్టించిన బోల్డ్‌లోనూ ఆ తియ్యదనం అణగిపోదు. పొగతో లోపాలు కప్పేసుకునే డిస్టిలరీలు స్కాట్లండ్‌లోనే ఉన్నాయి. ఈయనకు ఆ అవసరం రాలేదు.

కాచిన స్పిరిట్ నీళ్లలా తెల్లగా ఉంటుంది. రంగు, సువాసన, నునుపు చాలావరకు ఓక్ పీపాలో వస్తాయి. బోర్బన్ విస్కీకి ప్రతిసారీ లోపల కాల్చిన కొత్త పీపా వాడాలని అమెరికా చట్టం. అందుకే అక్కడ ఒకసారి వాడేసిన పీపాలు ప్రపంచమంతా తిరుగుతాయి, మనకూ వస్తాయి. వేడికి స్పిరిట్ చెక్కలోకి చొరబడుతుంది, చల్లబడితే వెనక్కి వస్తుంది. స్కాట్లండ్ చలిలో ఈ రాకపోకలు మెల్లగా సాగుతాయి, ఏడాదికి పీపాలో 2 శాతం దాకా ఆవిరవుతుంది. బెంగళూరులో అదే 10 నుంచి 12 శాతం. మన ఎండలో చెక్క తన గుణాన్ని నాలుగైదేళ్లలోనే ఇచ్చేస్తుంది. అక్కడిలాగా పన్నెండేళ్లు ఉంచితే పీపాలో మిగిలేది అడుగునే, అదీ చెక్క చేదుతో. బెంగళూరు అమృత్ డిస్టిలరీ వాళ్ల గ్రీడీ ఏంజెల్స్ అనే మాల్ట్ ఎనిమిదేళ్లు పండేసరికి నాలుగింట మూడు వంతులు గాలిలో కలిసిపోయిందని చెబుతారు. కాబట్టి మన సీసా మీద వయసు అంకె లేదని పెదవి విరిచేవారు చలిదేశపు కొలబద్దతో ఎండదేశపు పంటను కొలుస్తున్నారు. స్కాచ్‌కు కూడా చట్టం అడిగేది కనీసం మూడేళ్లే. పన్నెండు అన్నది వాళ్ల వాతావరణం పెట్టిన లెక్క.

ఈ సంగతి లోకానికి రుచి చూపించినవాడు నీలకంఠరావు జగదాళే. 1948లో తండ్రి బెంగళూరులో పెట్టిన అమృత్ డిస్టిలరీస్ నుంచి 2004లో సింగిల్ మాల్ట్ తీసుకెళ్లి నేరుగా గ్లాస్గోలోనే దించాడు. స్కాచ్ పుట్టింట్లో భారతీయ విస్కీ అమ్మబోవడం ఎంత గుండె ధైర్యం! పంజాబు వైపు బార్లీని, స్కాట్లండ్ నుంచి తెచ్చిన పొగ బార్లీని కలిపి చేసిన ఫ్యూజన్‌కు విమర్శకుడు జిమ్ ముర్రే తన 2010 గ్రంథంలో నూటికి 97 మార్కులు వేసి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. అమృత్‌లో బ్లెండింగ్ చూసిన సురీందర్ కుమార్ చేతి మహిమ అదొక్కటే కాదు. నాలుగైదు రకాల ఓక్ చెక్కలు కలిపి ఒకే పీపాగా బిగించిన స్పెక్ట్రమ్, షెర్రీలో నారింజ తొక్కలు నానబెట్టిన పీపాలో పండించిన నారంగి అమృత్ నుంచి వచ్చినవే. ఆ తర్వాత ఆయన హర్యానాలో ఇంద్రి అనే సింగిల్ మాల్ట్‌కు పనిచేశారు. ఆ ఇంద్రి దీపావళి ప్రత్యేక సీసా 2023లో అమెరికాలో జరిగిన విస్కీస్ ఆఫ్ ది వరల్డ్ పోటీలో అన్నిటికన్నా మిన్న అనిపించుకుంది.

ఇంత సాధించిన దేశంలోనే విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో ఎక్కువ భాగం ఏమిటో తలుచుకుంటే కడుపు మండుతుంది. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు రంగు, ఎసెన్సు, కాస్త మాల్ట్ తగిలించి విస్కీ అని చీటీ అంటిస్తున్నారు. మన నిబంధనలు ఒప్పుకుంటాయి, యూరప్‌లో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. రాజుల పేర్లు, కోటల బొమ్మలు, బంగారు రంగు మూతలు అన్నీ ఉంటాయి, లోపల గింజ గురించి పెద్దక్షరాల మాట ఒక్కటీ ఉండదు. సింగ్‌భూమ్ ఆదివాసులు ఇప్పపువ్వు నుంచి తీసే మహువా ఇంతకన్నా ఎంతో నిజాయితీ గలది, దేనితో చేశారో అదే దాని పేరు. పేదవాడికి సింగిల్ మాల్ట్ అందుతుందా అని అడగవచ్చు. అందదు, ఆ బాధ నిజమే. చౌక సరుకు అమ్మవద్దని ఎవరూ అనరు, చౌక సరుకును దాని అసలు పేరుతో అమ్మమనే అడిగేది.

ఇంట్లో తాగే పద్ధతి మీద కూడా ఒక మాట. నీళ్లు కలిపితే అవమానమని కొందరు, ఐసు నిండా వేయందే గొంతు దిగదని కొందరు వాదిస్తారు. 46 శాతం బలమున్న మాల్ట్‌కు చెంచాడు నీళ్లు మేలే చేస్తాయి, మూసుకున్న వాసనలు విచ్చుకుంటాయి. ఐసు నాలుకను మొద్దుబారుస్తుంది. అయితే మే నెలలో జంషెడ్‌పూర్ గదిలో నలభై డిగ్రీలున్నప్పుడు గది వేడి మీదే తాగమనడం మూర్ఖత్వం. చన్నీళ్లలో కడిగిన గ్లాసు చాలు. అంచు సన్నగా, పొట్ట వెడల్పుగా ఉన్న గ్లాసు కావాలి. మిరపకాయ బజ్జీలు తర్వాతికి ఉంచుకోండి, వాటి కారం తగిలాక నాలుకకు మాల్ట్ తెలియదు. పొగ లేనివి ముందు, పొగవి చివర పోయండి. సీసాను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే కార్కు చెడుతుంది. ఎండ తగలని బీరువాలో పెట్టండి, సగం దాటితే నెలల్లోనే ముగించండి. ఖర్జూరం, కొబ్బరి, కాల్చిన చెక్క వాసనలు వస్తాయని చెబితే కోతలని కొట్టిపారేస్తారు కొందరు. ఓక్ చెక్కలోని లాక్టోన్లే ఆ కొబ్బరి వాసనకు మూలం, అది కవి కల్పన కాదు. ఇదంతా ముప్పై మిల్లీలీటర్ల పెగ్గును ఒక గంట సాగదీసేవాళ్ల కోసం. గటగటా మింగేవాడికి ఏ మాల్ట్ పోసినా వృథా.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంద్రి త్రిని, తర్వాత పాల్ జాన్ బ్రిలియన్స్, నోరు అలవాటు పడ్డాక యాభై శాతం బలంతో అమృత్ ఫ్యూజన్. నా వరస ఇదే, పక్షపాతం ఉంటే ఉండనివ్వండి. సందేహమున్నవారు సీసాలకు కాగితం చుట్టి, పేరు తెలియకుండా పన్నెండేళ్ల స్కాచ్ పక్కన పోసి చూడండి. మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు ధర చెప్పకండి, బార్లీ, పీపా, బలం చెప్పండి. ఇంకో మనవి. ఖాళీ అయిన మంచి సీసాను డబ్బాతో సహా పాత సామాన్లవాడికి ఇవ్వవద్దు. కల్తీ సరుకు నింపి మళ్లీ అమ్మేది అలాంటి సీసాల్లోనే. చీటీ చింపి, మూత విరిచి పారేయండి.