పాల ధర దిగదు, ఉల్లి ధర నిలవదు

కర్నూలు, కడప ఇళ్లలో గోడకు వేలాడే క్యాలెండర్‌ తిథి, వారం చూసుకోవడానికే కాదు, పాల లెక్కకు కూడా. చుట్టాలొచ్చి అదనంగా పోయించుకున్న రోజు గడిలో ఒక అంకె, పాలాయన రాని రోజు సున్నా. నెలాఖరుకు అవన్నీ కూడి ఇంటావిడ చెప్పిందే లెక్క. పాత క్యాలెండర్లు దాచుకున్న ఇంట్లో వాటిని వరసగా తిరగేస్తే పాల ధర మెట్లెక్కినట్టు ఎక్కడమే కనిపిస్తుంది. దిగడం ఎంత అరుదంటే, 2025 జనవరిలో అమూల్‌ లీటరు ప్యాకెట్‌పై ఒక్క రూపాయి తగ్గిస్తే దేశమంతా వార్త అయింది. మే 1న మళ్లీ రెండు రూపాయలు పెంచింది.

పాలు కొంటున్నామనుకుంటాం గానీ డబ్బు కట్టేది చాలావరకు వెన్నకే. టోన్డ్‌ పాలలో 3 శాతం, ఫుల్‌ క్రీమ్‌లో 6 శాతం వెన్న ఉండాలన్నది నిబంధన. ఊళ్లో పాలకేంద్రం రైతుకు కట్టే ధర కూడా వెన్న శాతాన్ని, మిగతా ఘనపదార్థాలను చూసే. అందుకే పక్కపక్క ఇళ్ల ఎనుముల పాలకు ఒకే ధర పలకదు. వాన మొహం చాటేసిన ఏడాది శెనక్కాయ కట్టె, జొన్న చొప్ప కొని మేపాల్సిందే. ఆ ఖర్చు మాత్రం వెన్న కొలిచే ఏ యంత్రానికీ కనపడదు.

బియ్యం కథ వేరు. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి రోజూ తినే సీమలో వరన్నం ఒకప్పుడు పండగ వంట. 1983లో ఎన్టీఆర్‌ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక అది రోజువారీ కూడైంది. ఇప్పుడు అంగట్లో సోనా బియ్యం కంటే కొర్రబియ్యమే ప్రియం. తాతలు గతిలేక తిన్నదాన్ని మనవళ్లు షుగరుకు భయపడి కొంటున్నారు.

ఉల్లి, టమోటాల దగ్గరికొస్తే ఏ లెక్కా నిలవదు. 2023 జులైలో టమోటా కిలో వంద దాటితే ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. అవే టమోటాలను ధర లేక కర్నూలు జిల్లా పత్తికొండ రైతులు రోడ్డు మీద పారబోసిన సందర్భాలూ ఉన్నాయి. 2025లో కర్నూలు యార్డులో ఉల్లి ధర కుప్పకూలితే ప్రభుత్వ సంస్థ మార్క్‌ఫెడ్‌ క్వింటాలు 1,200 రూపాయలకు కొంది. అదీ చాలక హెక్టారుకు 50 వేల సాయం ప్రకటించారు.

కడప జిల్లా కృష్ణాపురం ఉల్లిది ఇంకో బాధ. పాయ చిన్నది, ఘాటు ఎక్కువ. మనవాళ్లు దాదాపు వాడరు, సింగపూర్‌, మలేసియాల కోసమే పండిస్తారు. 2020 సెప్టెంబరులో దేశంలో ధర పెరుగుతోందని కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపేస్తే ఇదీ ఆగిపోయింది. అక్టోబరులో చెన్నై రేవు నుంచి 10 వేల టన్నులకు అనుమతిచ్చారు. మన వంటింట్లోకే రాని ఉల్లిని ఆపితే ఎవరి కూర చౌక అవుతుందో ఆ ఉత్తర్వు రాసినవారికే తెలియాలి.

పాలు మిగిలితే డెయిరీలో పొడో, నెయ్యో అవుతాయి. పత్తికొండ టమోటాకు ఆ దారి లేకే రైతులు అక్కడ గుజ్జు ఫ్యాక్టరీ కావాలని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు.

ఈసారి ఎర్రగడ్డలు (ఉల్లి) కొన్నప్పుడు ఆ ధర క్యాలెండర్‌ గడిలో రాసి, పక్కనే అదే రోజు పేపర్లో వచ్చిన కర్నూలు యార్డు ధర కూడా రాసి చూడండి. పేపర్లో ఉండేది క్వింటాలు ధర. నూరుతో భాగిస్తే రైతుకు పలికిన కిలో ధర తెలుస్తుంది, అందులోంచి కూలీ, బాడుగ ఇంకా తీసేయాలి.