సంఘం షాట్: డాక్యుమెంటరీని ఎంచుకోవడానికి ఒక తెలుగు కొలమానం

వ్యాససంగ్రహం:
సాహిత్య, సామాజికశాస్త్రాల బోధనలో డాక్యుమెంటరీ చిత్రాన్ని మనం సాధారణంగా విషయాన్ని బట్టి ఎంచుకుంటాం. రైతు గురించి పాఠముంటే రైతుపై తీసిన చిత్రం, స్త్రీల గురించి పాఠముంటే స్త్రీలపై తీసిన చిత్రం చూపిస్తాం. ఈ పద్ధతి చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. జహీరాబాదు ప్రాంతపు దళిత మహిళలు తమ కెమెరా పని నుంచి పుట్టించుకున్న ‘సంఘం షాట్’ అనే మాటను విమర్శ పరికరంగా స్వీకరించి, పరిశోధకులు, అధ్యాపకులు తప్పక చూడదగిన ఐదు చిత్రాలను పరిశీలిస్తుంది. ఆ పరికరాన్ని హైదరాబాదు ఉత్తరపు అంచున ఉన్న కౌకూర్ పరిసరాలకు ఎలా అన్వయించవచ్చో చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: డాక్యుమెంటరీ, సంఘం షాట్, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దీపా ధన్‌రాజ్, మౌఖిక చరిత్ర, కౌకూర్.

1. ప్రవేశిక:
తెలుగు ప్రేక్షకుడికి డాక్యుమెంటరీ అంటే చాలాకాలం పాటు అసలు సినిమాకు ముందు వచ్చే సర్కారు బొమ్మ. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాలను, డాక్యుమెంటరీలను థియేటర్లు తప్పనిసరిగా ప్రదర్శించేవి. ఆనకట్టలు, వరదలు, కొత్త వంగడాలు, నాయకుల పర్యటనలు వాటిలో కనిపించేవి. తెరమీద రైతు పెదవులు కదిలేవి, వినిపించేది మాత్రం వ్యాఖ్యాత గొంతు. ఆ సంస్థలోనే దీనికి భిన్నమైన ప్రయత్నాలూ జరిగాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన యువతీయువకులతో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన ‘ఐ యామ్ 20’ (1967)లో వారు తమ మాట తామే చెప్పుకున్నారు. అయినా డాక్యుమెంటరీ అంటే మనకు తెలియని సంగతిని తెలిసినవారు చెప్పడమనే అభిప్రాయమే మన తరగతిగదుల్లో బలంగా నిలిచింది.

ఈ అభిప్రాయం వల్ల చిత్రాన్ని సమాచారంగా వాడుకుంటున్నామే తప్ప రచనగా చదవడం లేదు. ఒక నవలలో కథకుడి దృష్టికోణాన్ని ప్రశ్నించే విద్యార్థి, డాక్యుమెంటరీలో కెమెరా ఎక్కడ నిలబడిందని అడగడు. ఆ ప్రశ్న అడగడానికి కావలసిన మాట మన నేలమీదనే పుట్టింది.

2. కొలమానం పుట్టిన చోటు:
నేటి సంగారెడ్డి జిల్లా జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. 2023లో మరణించిన పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ప్రముఖుడు. చిరుధాన్యాల సాగు, విత్తన సంరక్షణ చుట్టూ ఊరూరా మహిళాసంఘాలను నిర్మించిన ఈ సంస్థ, 1990ల చివరలో ఆ సంఘాల స్త్రీలకు వీడియో చిత్రీకరణలో శిక్షణ ఇచ్చింది. వారిలో అధికులు దళితులు, కూలి పనికీ సేద్యానికీ పోయేవారు. చాలామందికి అక్షరాలు రావు.

కెమెరా కోణాలకు ఉన్న ఆంగ్ల పేర్లు వారికి అక్కరకు రాలేదు. ఎదుటి మనిషిని సమాన ఎత్తులో, కళ్లలోకి చూస్తూ తీసే కోణాన్ని వారు ‘సంఘం షాట్’ అన్నారు. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనుక ఆ పేరు. మనుషుల మధ్య ఎచ్చుతగ్గులు పుట్టించే చూపుకు ‘పటేల్’ పేరు తగిలించారు. సాంకేతిక పదంగా పైకి కనబడే ఈ నామకరణంలో ఒక సామాజిక చరిత్ర ఉంది. గద్దె మీద కూర్చున్నవాడికీ నేల మీద నిలబడ్డవాడికీ మధ్య ఉన్న దూరాన్ని ఒంటితో ఎరిగినవారే కెమెరా కోణానికి అలాంటి పేరు పెట్టగలరు.

ఈ మాటను కెమెరా ఎత్తుకే పరిమితం చేయకుండా మూడు ప్రశ్నలుగా విస్తరించవచ్చునని నా ప్రతిపాదన. ఒకటి, చిత్రంలోని మనిషి ఎవరి భాషలో, ఎవరి వాక్యంలో మాట్లాడుతున్నాడు? రెండు, చిత్రకారుడు ఆ మనిషికి ఎంత కాలం ఇచ్చాడు? మూడు, ఆ చిత్రం మళ్లీ ఆ మనిషి ముందుకు వెళ్లిందా? కింది చిత్రాలను ఈ ప్రశ్నలతో చూస్తే వాటి బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి.

3. ‘ఇది కథ మాత్రమేనా’ (1983):
1980లో ఏర్పడిన యుగాంతర్ అనే చలనచిత్ర బృందంలో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవ్‌రోజ్ కాంట్రాక్టర్ ఉన్నారు. ఇంటిపని చేసే స్త్రీలపై ‘మోల్‌కరీణ్’ (1981), పొగాకు కర్మాగారంలో పనిచేసే స్త్రీలపై ‘తంబాకు చాకిల ఊబ్ ఆలీ’ (1982) తీసిన తర్వాత ఈ బృందం హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి గృహహింసపై ఈ తెలుగు లఘుచిత్రాన్ని నిర్మించింది.

ఇది నటించిన చిత్రం, కాబట్టి డాక్యుమెంటరీ కాదనే అభ్యంతరం రావచ్చు. కాని ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ కెమెరా ముందు తన పేరుతో, తన ముఖంతో మాట్లాడితే రేపు ఆమె ఏ ఇంటికి వెళ్లాలి? సంఘటన సభ్యులు తమ పరిశీలనల నుంచి, అనుభవాల నుంచి కథను కలిసి అల్లి నటించడంలో ఈ ప్రశ్నకు జవాబుంది. ఇక్కడ కల్పన సాక్షికి రక్షణ. శీర్షికలోని ప్రశ్నార్థకం కూడా ఆ పనే చేస్తుంది. చూస్తున్నది కథేనని ఊరట పడబోయే ప్రేక్షకుణ్ణి అది వెనక్కి లాగుతుంది.

ఇదే సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) ప్రచురించింది. మౌఖిక చరిత్రపై పనిచేసే పరిశోధకులు ఆ పుస్తకాన్నీ ఈ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకచోట స్త్రీలు తమ పేర్లతో ముందుకు వచ్చారు, మరొకచోట పాత్రల వెనుక నిలిచారు. ఎప్పుడు ఏది అవసరమో తేల్చుకోవడం క్షేత్రపరిశోధన చేసే ప్రతి ఒక్కరి ముందూ ఉన్న సమస్యే.

4. ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ (1986):
1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వం బర్తరఫ్ అయింది, సెప్టెంబరులో తిరిగి వచ్చింది. ఆ సంక్షోభ దినాల్లోనే హైదరాబాదులో మతకల్లోలాలు చెలరేగాయి. వాటిపై దీపా ధన్‌రాజ్ దర్శకత్వంలో, నవ్‌రోజ్ కాంట్రాక్టర్ ఛాయాగ్రహణంతో, హైదరాబాద్ ఏక్తా సహకారంతో ఈ చిత్రం వచ్చింది. బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ దీన్ని పునరుద్ధరించింది. 2013లో అక్కడ మళ్లీ ప్రదర్శితమైంది.

ఊరేగింపులు, ఉపన్యాసాలు, కర్ఫ్యూలో మూసిన వీధులు, రోజుకూలి లేక పొయ్యి వెలగని ఇళ్లు ఇందులో ఉన్నాయి. మజ్లిస్, బీజేపీ నాయకులు తమ వాదాన్ని తమ మాటల్లోనే చెబుతారు. వారిని వెక్కిరించాల్సిన అవసరం చిత్రానికి రాలేదు. నాయకుడి వాక్యం పక్కన ఇల్లు కాలినవారి వాక్యాన్ని పెట్టడంతోనే విమర్శ పూర్తయింది. దక్కనీ ఉర్దూ, తెలుగు ఒకదానినొకటి ఒరుసుకుంటూ వినిపించే ఆ నగరాన్ని ఏక భాషా వ్యాఖ్యానం పట్టుకోలేదు.

చరిత్ర నేపథ్యాన్ని వివరించే చోట మాత్రం ఈ చిత్రమూ వ్యాఖ్యానం మీద ఆధారపడింది. బయటి ప్రేక్షకుడికి అది అవసరమే. అయితే ఆ వివరణ వినిపించే సేపూ బస్తీ మనిషి ఉదాహరణగా మారిపోతాడు. తరగతిలో చూపేటప్పుడు ఈ రెండు తీరుల మధ్య తేడాను విద్యార్థులే గుర్తించేలా చేయాలి.

5. పత్తి చేను, రెండు చూపులు:
జన్యుమార్పిడి బీటీ పత్తికి 2002 మార్చిలో దేశంలో అనుమతి లభించింది. ఆ తొలి పంటకాలంలో పస్తాపూర్ మహిళలు వరంగల్ రైతుల వద్దకు మళ్లీమళ్లీ వెళ్లి తీసిన చిత్రం 2003లో వచ్చింది. బీటీ పత్తిపై వరంగల్ రైతులకు కోపమెందుకన్న ప్రశ్నే దాని పేరు. తీసేవారూ సేద్యం ఎరిగినవారే కావడం వల్ల ఇందులో ప్రశ్నలు వేరుగా ఉంటాయి. విత్తనం ధర, మందు కొట్టిన సార్లు, కాయ పరిమాణం, అప్పు గురించి రైతు రైతుతో మాట్లాడినట్టే సంభాషణ సాగుతుంది. ఒక్కరోజు వచ్చి వెళ్లే కెమెరాకు మొలక కనిపిస్తుంది, లేదా ఎండిన చేను కనిపిస్తుంది. మొలకకూ ఎండిన చేనుకూ మధ్య రైతు ఆశ ఎలా సన్నగిల్లిందో పంటకాలం పొడవునా వెళ్లినవారికే తెలుస్తుంది.

అయితే ఇది ఒక పక్షం వహించిన చిత్రం, ఆ సంగతిని అది దాచదు కూడా. ఆ తర్వాతి దశాబ్దంలో దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ రకాలే ఆక్రమించాయి. మరికొంత కాలానికి గులాబీ రంగు పురుగు ఆ విత్తనాన్ని తట్టుకుని నిలిచింది. కాబట్టి పరిశోధకుడు ఈ చిత్రాన్ని బీటీ పత్తిపై తుదితీర్పుగా ఉటంకించకూడదు. ఒక ప్రాంతం, ఒక పంటకాలం ఇచ్చిన సాక్ష్యంగా చదవాలి. సమానమైన చూపు నిష్పాక్షికతకు పర్యాయపదం కాదు.

దీనికి జోడుగా చూడవలసినది దీపా భాటియా తీసిన ‘నీరోస్ గెస్ట్స్’ (2009). విదర్భ పత్తి రైతుల ఆత్మహత్యలను నివేదిస్తున్న పాత్రికేయుడు పి. సాయినాథ్ వెంట కెమెరా నడుస్తుంది. ఖైదీలను దివిటీలుగా కాల్చిన వెలుగులో నీరో విందు చేశాడన్న కథను సాయినాథ్ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ పేరిట చెబుతాడు. ఆ విందుకు వచ్చిన అతిథులెవరని సాయినాథ్ అడిగే ప్రశ్న నుంచి ఈ పేరు వచ్చింది. చూస్తున్న మనల్ని అతిథుల వరసలో కూర్చోబెట్టడం ఈ చిత్రం సాధించిన విజయం.

కాని ఇందులో కథానాయకుడు పాత్రికేయుడే. రైతు ఇంటి గడప మనం అతని వెనుకనే దాటుతాం. అతను లేచినప్పుడు మనమూ లేస్తాం. పస్తాపూర్ చిత్రంలో ఆ మధ్యవర్తి లేడు. మొదటిది నగర ప్రేక్షకుడి మనస్సాక్షిని కదిలిస్తుంది, రెండవది రైతుల లెక్కను నమోదు చేస్తుంది. ఈ రెండింటినీ ఒకే వారంలో చూపి, ఏ చిత్రంలో రైతు ఎంతసేపు మాట్లాడాడో విద్యార్థులచేత గడియారం పెట్టి లెక్కించవచ్చు. సిద్ధాంత గ్రంథాలు చెప్పలేని సంగతి ఆ లెక్క చెబుతుంది.

6. ‘వియ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ (2018):
‘మేమిక్కడికి చావడానికి రాలేదు’ అనే అర్థమున్న ఈ దీపా ధన్‌రాజ్ చిత్రం మన పాఠకులకు అన్నిటికంటె దగ్గరిది. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల పిహెచ్.డి. పరిశోధకుడు. హాస్టలు నుంచి వెలివేతకు గురైన ఐదుగురు దళిత పరిశోధకుల్లో ఒకడు. ఆ మరణం తర్వాత ప్రాంగణాల్లో ఎగసిన ఉద్యమాన్ని ఈ చిత్రం నమోదు చేస్తుంది.

ఇక్కడ సంఘం షాట్ కఠినమైన పరీక్షను ఎదుర్కొంటుంది. కళ్లలోకి చూడవలసిన మనిషి లేడు. తల్లి ఉంది, మిత్రులున్నారు, నినాదాలున్నాయి, అతను రాసి వెళ్లిన ఉత్తరముంది. మృతుణ్ణి ప్రతీకగా మార్చేసి, నక్షత్రాల గురించి కలలుగన్న మనిషిని మరచిపోయే ప్రమాదం ఇలాంటి ప్రతి చిత్రానికీ ఉంటుంది. చిత్రం దృష్టి ప్రధానంగా ఉద్యమంపై ఉన్నందువల్ల, పుస్తకంగా వచ్చిన అతని ఫేస్‌బుక్ రాతలను దీనితో కలిపి చదివించడం అవసరం. విద్యార్థులకు దీన్ని చూపే అధ్యాపకుడు కూడా చిత్రం బయట ఉండలేడు. విశ్వవిద్యాలయం ఇందులో నేపథ్యం కాదు, విచారణకు నిలబడిన పక్షం.

7. కౌకూర్‌కు అన్వయం:
ఐదు మంచి చిత్రాలను సిఫారసు చేయడంతో అధ్యాపకుడి పని ముగియదు. చూపు నేర్చుకున్న విద్యార్థి దాన్ని తన చుట్టూ వాడాలి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని కౌకూర్ ఇందుకు తగిన స్థలం. ఒకవైపు బొల్లారం కంటోన్మెంటు, రాష్ట్రపతి నిలయం ఉన్నాయి. మరోవైపు నగరపు చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ఉంది. కొంత దూరాన శామీర్‌పేట చెరువు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. నగరం తన గొప్పనూ తన వ్యర్థాన్నీ ఇంత దగ్గరదగ్గరగా పెట్టుకున్న చోట్లు తక్కువ.

ఈ అంచు ప్రాంతాలకు సంబంధించి నేడు విరివిగా కనిపించే దృశ్యాలు స్థలాల అమ్మకానికి డ్రోన్‌తో తీసిన వీడియోలు. వాటిలో నేల గీతలుగా, రోడ్లు దూరాలుగా మారతాయి. ఔటర్ రింగ్ రోడ్డుకు ఎన్ని నిమిషాలో చెబుతారు. ఆ నేలను దున్నినవారు, అమ్ముకున్నవారు కనిపించరు. పటేల్ చూపు ఇప్పుడు ఆకాశానికి ఎక్కింది. ఆ ఎత్తు నుంచి మనిషి ముఖం కనిపించదు, గొంతు వినిపించదు.

దీనికి ప్రతిగా ఒక డిగ్రీ విద్యార్థి తన ఫోనుతోనే పని మొదలుపెట్టవచ్చు. చెత్త ఏరి బతికేవారితో, పొలం పోయాక కాపలా ఉద్యోగానికి కుదిరినవారితో, భవన నిర్మాణానికి వలస వచ్చినవారితో సమాన ఎత్తులో కూర్చోవాలి. ముందుగా అనుమతి తీసుకోవాలి, ఒక్కరోజుతో సరిపెట్టకుండా అన్ని కాలాల్లోనూ వెళ్లాలి, వారి తెలుగును, దక్కనీని పుస్తకభాషలోకి దిద్దకూడదు. పూర్తయిన చిత్రాన్ని మార్కులు వేసే అధ్యాపకుడి కంటె ముందు వారికే చూపాలి. వారు తీసేయమన్నదాన్ని తీసేయగల విద్యార్థి, పరిశోధన నీతిపై ఒక అధ్యాయం చదివినవాడితో సమానం.

8. ముగింపు:
తెలుగులో డాక్యుమెంటరీ విమర్శ ఎదగాలంటే చిత్రాల జాబితాలతో పాటు చూడటానికి మాటలు కావాలి. బి. నరసింగరావు ‘మా ఊరు’ వంటి చిత్రాలపై ఈ దృష్టితో ప్రత్యేక అధ్యయనాలు రావలసి ఉంది. విమర్శ పరిభాష అంటే సంస్కృతం నుంచో ఆంగ్లం నుంచో దిగుమతి కావలసిందేనన్న అలవాటును పస్తాపూర్ స్త్రీలు ఎవరితోనూ వాదించకుండానే కాదన్నారు. చదువు రానివారు ఇచ్చిన ఆ మాటను చదువు చెప్పేవాళ్లం వాడుకోవడమే కాదు, ఎవరిచ్చారో ప్రతిసారీ చెప్పి వాడుకోవాలి.