నడుస్తదా, పలుకుతదా?

వరంగల్‌లో పాత ఇల్లు కూలగొట్టేటప్పుడు అటక మీంచి ఇత్తడి బిందెలతో పాటు ఒక్కోసారి నల్లటి చిన్న పెట్టె కూడా దిగుతుంది. మూత తెరిస్తే లోపల హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ. ఇంట్లో గుర్తుపట్టేవాళ్లుంటే తాత గ్రామఫోను అని తుడిచి పెట్టుకుంటారు. లేకపోతే పాత సామాన్ల దుకాణానికి పోతుంది. అక్కడ దాన్ని చూసినవాళ్లు అడిగే మొదటి మాట, "నడుస్తదా?"

కీ ఇస్తే పళ్లెం తిరుగుతుంది కాబట్టి "నడుస్తది" అనేస్తారు అమ్మేవాళ్లు. కానీ తిరగడం వేరు, పలకడం వేరు. ఆ తేడా విప్పి చెప్పేవాళ్ల దగ్గరే గ్రామఫోను కొనాలి.

పెట్టె అడుగున గుండ్రటి డబ్బాలో పొడవాటి ఉక్కు స్ప్రింగు చుట్టుకొని ఉంటుంది. దశాబ్దాల కిందటి గ్రీజు గట్టిపడితే అది సాఫీగా విప్పుకోదు. పాట నడుమ దడ్‌మని కుదుపు వస్తుంది. వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌లో మూడు చిన్న బరువులు సన్నటి రేకు స్ప్రింగులకు బిగించి ఉంటాయి. ఒక్క రేకు విరిగినా పాట ఊగుతుంది. ముల్లు బిగించే సౌండ్ బాక్స్‌లో అభ్రకం బిళ్ల గానీ అల్యూమినియం బిళ్ల గానీ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు రాయిలా మారితే గొంతు గరగరలాడుతుంది. రబ్బరు మార్చడం తేలిక. స్ప్రింగు డబ్బా మాత్రం తెలియనివాళ్లు తెరవకూడదు, ఎగిరిందంటే చేతులు కోసుకుపోతాయి.

వేగం చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ప్లేటు (రికార్డు) అంచున కాగితం ముక్క పెట్టి, ముల్లు ఆనించి, గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. పది సెకన్లలో 13 చుట్లు తిరిగితే నిమిషానికి 78, అదే ఉండాల్సిన వేగం. కొనేవాళ్ల కళ్ల ముందే ఈ లెక్క చేసి చూపించే అమ్మకందారును నమ్మొచ్చు.

బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. తళతళలాడే ఇత్తడి బూరా, ఎనిమిది మూలల కొత్త చెక్కపెట్టె, మీద కుక్క బొమ్మ బిళ్ల... ఇవి పాతవన్న పేరుతో మన దేశమంతా అమ్ముడవుతున్నాయి. చాలావాటి లోపలి మోటారు ఏదో అసలైన పెట్టె గ్రామఫోనును విప్పి తీసిందే. హెచ్‌ఎంవీ 102 లాంటి పెట్టె చూడ్డానికి సాదాగా ఉంటుంది, బూరా కనిపించదు. అయినా దాన్ని చంపి అలంకార వస్తువు చేయడం అన్యాయం. గీతలు పడ్డ పెట్టెను గీతలతోనే, లోపాలు కాగితం మీద రాసిచ్చి, తక్కువ ధరకు అమ్మడమే మేలు.

వందేళ్లు నిండిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం గుర్తుంచుకోవాలి. అనుమతి లేకుండా అలాంటి పురావస్తువులను దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కొడుక్కి కానుకగా పంపాలనుకునేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

పెట్టెతో పాటు ప్లేట్లూ వస్తాయి. అవి లక్కతో చేసినవి. హైదరాబాద్ లాడ్ బజార్ గాజులకు వాడేదీ లక్కే. గాయని గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో రికార్డుకు పాడిన నాటి నుంచి 1960ల దాకా మన పాటలూ నాటక పద్యాలూ ఆ లక్క మీదే బతికాయి. సంగీత చరిత్రకారుడు వి.ఎ.కె. రంగారావు ఆ ప్లేట్లను వేలకొద్దీ సేకరించి లిమ్కా బుక్‌లోకి ఎక్కారు.

ఉత్సాహం కొద్దీ ఘంటసాల భగవద్గీత ఎల్పీని ఈ పెట్టె మీద పెట్టేవాళ్లుంటారు. పెట్టొద్దు. సౌండ్ బాక్స్ బరువుకి, ఉక్కు ముల్లుకి ఆ సన్నటి గాడి ఒక్కసారికే పాడైపోతుంది. లక్క ప్లేటుకైనా ఒక పక్క పాడాక ముల్లు మార్చాల్సిందే. అందుకే పెట్టెతో పాటు ఒక ముళ్ల డబ్బా కూడా చేతిలో పెట్టి, వరంగల్ మే ఎండలో ప్లేట్లను కారులో వదిలితే వంకర పోతాయని చెప్పి పంపాలి.